అమ్మను సంచుల కాపలాకు కూర్చోబెట్టకు

నాయనా రవీ,

దసరా సెలవుల్లో పిల్లల్నీ అమ్మనీ తీసుకుని బెంగళూరు పక్కనున్న వండర్‌లా పార్కుకు వస్తున్నామన్నావు, చాలా సంతోషం. ఒక్క మాట ముందే చెప్తున్నా. అక్కడ ఎప్పుడు చూసినా మనవలు లైన్‌లో ఉంటారు, పెద్దవాళ్లేమో చెప్పులు, ఫోన్లు, తడి బట్టలు ఒళ్లో పెట్టుకుని చెట్టు కింద కూర్చుని ఉంటారు, సాయంత్రం దాకా అదే పని. నా చెల్లెల్ని అలా కూర్చోబెట్టావంటే నేను ఊరుకోను. లాకర్లు అద్దెకిస్తారు, లోపలికి పోగానే ఒకటి తీసుకుని అన్నీ అందులో పడేయండి.

అమ్మకు ఇవన్నీ భయం అనుకుంటున్నావు నువ్వు. కదిరి తిరునాళ్లలో దాన్ని రంకులరాట్నం మీంచి దింపడానికి మా నాయన ఎంత బతిమాలేవాడో నీకు తెలీదు. అప్పటి రాట్నానికి మోటారు లేదు. నాలుగు చెక్క తొట్లు, మధ్యలో ఇరుసు, ఇద్దరు మనుషులు చేతులతో లాగి తోస్తుంటే కిర్రుమంటూ తిరిగేది, తొట్టి పైకి లేచినప్పుడు జనం తలల మీదుగా తేరు కనపడేది, దిగేటప్పుడు కడుపులో జల్లుమనేది. నేను కళ్లు మూసుకుంటే అది మాత్రం "ఇంకో చుట్టు" అని అరిచేది. ఆ పక్కనే మోటారు సైకిల్ బావి, లోపల నిట్టనిలువు గోడ మీద బండి చుట్టూ తిరిగేది. పైన అంచు పట్టుకుని వంగి చూస్తుంటే కాళ్ల కింద చెక్కలు అదిరిపోయేవి. వేగం ఉన్నంతసేపే బండి గోడను పట్టుకుని ఉంటుంది, తగ్గితే జారిపోతుంది. పిల్లలు రీకాయిల్ అనే రోలర్ కోస్టర్ ఎక్కే ముందు ఈ సంగతి అమ్మ చేతే చెప్పించు. అది గిరికీలు కొట్టి, మళ్లీ అదే దారిలో వెనక్కి వస్తుంది, తలకిందులైనప్పుడు సీటుకే అదిమిపెట్టేది కూడా ఆ వేగమే.

అమ్మకు బీపీ ఉంది కాబట్టి రీకాయిల్ లాంటివి వద్దు, ప్రతి రైడ్ ముందూ బోర్డు ఉంటుంది, చదివి ఎక్కించు. కట్టడం మీద కట్టిన స్కై వీల్ అనే పెద్ద రాట్నం నెమ్మదిగా తిరుగుతుంది, మోకాళ్లు సహకరిస్తే దానికి మాత్రం తప్పకుండా తీసుకెళ్లు, పక్కన పిల్లల్ని కూర్చోబెట్టు. ఊగే పడవ ఎక్కుతానంటే మధ్య వరసలో కూర్చోమను, చివరి వరసలే ఎక్కువ ఎత్తుకు లేస్తాయి. పిల్లలకు ఎత్తు కొలిచి గానీ పెద్ద రైడ్లు ఎక్కించరు, చిన్నవాడికి ఆ సంగతి ఇంట్లోనే చెప్పు, అక్కడికెళ్లాక ఏడిస్తే రోజంతా పాడు.

శని, ఆదివారాలు వద్దు, సెలవుల్లో మామూలు రోజే కాస్త రద్దీగా ఉంటుంది, ఇక ఆదివారం సంగతి చెప్పక్కర్లేదు. ముందు రోజు రాత్రే బసవనగుడిలో మా ఇంటికి వచ్చేయండి. మైసూరు రోడ్డు మీద 28 కిలోమీటర్లు, పొద్దున్నే బయల్దేరితే బిడదిలో తట్టె ఇడ్లీ తిని గేటు తెరిచే వేళకు అక్కడుంటాం. బయటి తిండి లోపలికి పోనివ్వరు కాబట్టి పులిహోర కట్టుకు రావద్దు. గిర్రున తిరిగేవన్నీ భోజనానికి ముందే అయిపోవాలి, కళ్లు తిరిగితే కళ్లు మూసుకోకుండా దూరంగా కదలకుండా ఉన్నదాన్ని చూడమను.

పెద్దాడు పాత రాట్నం ఎలా ఉంటుందని అడుగుతాడు చూడు, అప్పుడు కార్తీక మాసం చివరి సోమవారం కడలెకాయి పరిషకు, అంటే వేరుశనగల జాతరకు కూడా పంపించు, మా వీధి చివరే. వేరుశనక్కాయలు తింటూ చిన్న రాట్నాలు ఎక్కొచ్చు.

ఇంకొకటి, నీళ్లలోకి చీరతోనూ నూలు బట్టలతోనూ దిగనివ్వరు. చాలామంది అమ్మలు గట్టు మీదే ఆగిపోయేది ఇందుకే, భయం వల్ల కాదు. అమ్మ కొలతలకు సరిపోయే నైలాన్ జత ఒకటి ఇప్పుడే కొను, చేతులు మోకాళ్లు కప్పేలా ఉండేవి దొరుకుతాయి. అడిగితే వద్దంటుంది, అడక్కుండా కొనేయ్. నాకూ ఒకటి తీసుకో, నేనూ వస్తున్నా.

మీ పెద్దమ్మ