సుగ్గికి వెళ్లిన గర్భిణిని ఎవరు చూస్తారు?

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. నేను కోసిగి మండలంలో ఏఎన్ఎంగా, అంటే ఊళ్లలో తల్లీబిడ్డల ఆరోగ్యం చూసే నర్సుగా పని చేస్తున్నాను. శ్రీలంకలో మేరీ రత్నం అనే డాక్టరమ్మ తల్లుల ఆరోగ్యం కోసం ఎంతో పాటుపడ్డారని ఒక శిక్షణ తరగతిలో చెప్పారు. ఒక్క డాక్టరు ఒక ద్వీపం మొత్తాన్ని మార్చగలరా? మా ఊళ్ల నుంచి ఏటా గర్భిణులు కూడా గుంటూరు వైపు మిరప కోతలకు సుగ్గికి, అంటే కోతల కాలపు వలసకు వెళ్లిపోతారు. అక్కడ వాళ్ల రక్తం, బీపీ ఎలా ఉన్నాయో నాకు తెలియదు. ఆమె పనిలో మాలాంటివాళ్లకు ఉపయోగపడేది ఏమైనా ఉందా?
— ఒక పాఠకురాలు, కర్నూలు జిల్లా

జవాబు: అమ్మా, ఒక్కరు మార్చలేరు. మేరీ రత్నం గారు కూడా ఒంటరిగా మార్చలేదు. 1873లో కెనడాలో పుట్టి, టొరంటోలో వైద్యం చదివి, 1896లో క్రైస్తవ మిషన్ డాక్టరుగా సిలోనుకు (నేటి శ్రీలంకకు) వచ్చిన ఆమెను, తమిళుణ్ని పెళ్లాడినందుకు ఆ మిషనే దూరం పెట్టింది. అయినా ఆమె ఆ నేలను విడిచిపెట్టలేదు. కొలంబోలో స్త్రీల ఆసుపత్రిలో కొంతకాలం పని చేసి, తరువాత సొంతంగా వైద్యం చేస్తూ, మంచం మీదికి వచ్చిన రోగికి మందివ్వడంతో తన బాధ్యత తీరదనుకున్నారు. బడిపిల్లలకు ఆరోగ్య పాఠ్యపుస్తకాలు రాశారు. 1930లో లంక మహిళా సమితిని స్థాపించి, పల్లె స్త్రీలు ఒకచోట కూర్చొని శుభ్రత, తిండి, పసిబిడ్డల పెంపకం గురించి నేర్చుకొనే ఏర్పాటు చేశారు. 1958లో ఆమెకు రామన్ మెగసెసే పురస్కారం లభించింది.

అయితే ఘనతంతా ఆమెకే కట్టబెడితే మీలాంటివారికి అన్యాయం చేసినట్టవుతుంది. 1930లలో ఆ ద్వీపంలో లక్ష కాన్పులకు రెండు వేలకు పైగా తల్లులు చనిపోయేవారు; 2010 నాటికి ఆ సంఖ్య 40కి దరిదాపులకు దిగింది. మలేరియా అదుపులోకి రావడం, ఆడపిల్లల చదువు, ఉచిత వైద్యం ఇందుకు తోడ్పడ్డాయి. అన్నిటికీ మించి, 1926లో కళుతరలో మొదలైన ఆరోగ్య కేంద్రాల పద్ధతి క్రమంగా ద్వీపమంతా పాకి, శిక్షణ పొందిన మంత్రసాని తన ఊళ్లలోని ప్రతి గర్భిణి గడప తొక్కే అలవాటు స్థిరపడింది. అంటే, అక్కడ తల్లులను కాపాడింది చాలావరకు మీ ఉద్యోగమే.

మన రాష్ట్రంలో 2018–20 లెక్కల ప్రకారం లక్ష కాన్పులకు 45 మంది తల్లులు చనిపోయారు. కాన్పు తరువాత రక్తస్రావం ఎవరికైనా రావచ్చు, కానీ హిమోగ్లోబిన్ 7 కన్నా తక్కువ ఉన్న తల్లి దాన్ని తట్టుకోలేదు. నా ఉద్యోగపు తొలి రోజుల్లో కోతల నుంచి నేరుగా నొప్పులతో వచ్చిన ఒకమ్మాయి కింది రెప్పను వేలితో లాగి చూస్తే, లోపల సున్నం కొట్టిన గోడలా తెల్లగా ఉంది. చేతిలో కార్డు లేదు, ఎన్నో నెలో ఆమెకే తెలియదు. రాత్రంతా రక్తం కోసం తిరిగాం. తల్లి దక్కింది, బిడ్డ దక్కలేదు. నాలుగు నెలల ముందు ఎవరైనా ఆ రెప్ప చూసి ఉంటే, ఐరన్ మాత్రలతోనే చాలా మేలు జరిగేది.

సుగ్గికి వెళ్లొద్దని మీరు చెబితే ఎవరూ ఆగరు, ఇంట్లో అప్పు అలాంటిది. కాబట్టి బయలుదేరే ముందే గర్భిణుల పేర్లు, నెలలు, హిమోగ్లోబిన్, బీపీ తల్లీబిడ్డల కార్డులో రాసి, ఆ కార్డు ఆమె చేతికే ఇచ్చి, ఐరన్ మాత్రలు సరిపడా కట్టివ్వండి. కాళ్లవాపు, తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, రక్తం కనబడడం వంటివి ఉంటే వెంటనే 108కి ఫోన్ చేయమని ఆమెకే కాక కూలీలను తీసుకెళ్లే మేస్త్రీకి కూడా చెప్పండి. ఏ ఊరి పొలాలకు వెళ్తున్నారో అతన్ని అడిగి తెలుసుకొని, అక్కడి ఏఎన్ఎం ఫోన్ నంబరు మీ పీహెచ్‌సీ డాక్టరు ద్వారా సంపాదించండి. ఎనిమిదో నెల నిండినవారి విషయంలో మాత్రం పట్టు విడవకండి: అత్తగారితో, భర్తతో కూర్చొని మాట్లాడి, కాన్పు అయ్యేదాకా ఊళ్లోనే ఉంచేలా ఒప్పించండి.