కాపీ 11 ఎంబీ దగ్గరే ఆగిపోతోందా? కార్డు మార్చే ముందు తీగ చూడండి

ప్రశ్న: మాది తెనాలిలో పెళ్లిళ్ల ఫొటో, వీడియో స్టూడియో. డిజైనర్లు, ఎడిటర్లు కలిపి ఐదుగురం పనిచేసే ఫైళ్లన్నీ ఒకే ఉబుంటు (లినక్స్ రకం) సర్వర్‌లో ఉంటాయి. ఈమధ్య ఆఫీసును పైఅంతస్తుకు మార్చాం. అప్పటినుంచి ఏ ఫైలు కాపీ చేసినా సెకనుకు 11 ఎంబీ దాటడం లేదు. ఇంతకుముందు 100కు పైనే వచ్చేది. సర్వర్‌లో ఉన్నది గిగాబిట్ నెట్‌వర్క్ కార్డే. కార్డు పోయింది, 10 గిగాబిట్‌ది వేయించుకోండి అని సిస్టమ్స్ చూసే అబ్బాయి అంటున్నాడు. కొనమంటారా?

జవాబు: ఇప్పుడే కొనకండి. మీరు రాసిన 11 అనే అంకెలోనే సగం జవాబు ఉంది. కార్డులో లోపం ఉంటే చాలావరకు స్పీడు పడుతూ లేస్తూ ఉంటుంది, మధ్యలో కనెక్షన్ తెగుతుంది. ఎప్పుడు చూసినా ఒకే అంకె దగ్గర ఆగిపోతోందంటే దారిలో ఎక్కడో ఒక పరిమితి ఉన్నట్టు లెక్క.

నెట్‌వర్క్ స్పీడును బిట్లలో చెబుతారు, ఫైలు కాపీని బైట్లలో చూపిస్తారు. 100 మెగాబిట్లను 8తో భాగిస్తే 12.5. ప్యాకెట్ల హెడర్లకు (డేటా ముక్కల మీద రాసే చిరునామా లాంటి వివరాలకు) పోయేది పోగా విండోస్ కాపీ బాక్సులో కనిపించేది 11 చిల్లర. అదే గిగాబిట్ (1000 మెగాబిట్ల) లింకు అయితే 110 చిల్లర వస్తుంది. అంటే మీ దారిలో ఏదో ఒక లింకు 1000 బదులు 100 మీద కలిసింది. మీరు 10 గిగాబిట్ కార్డు పెట్టినా ఆ లింకు అలాగే ఉంటే వచ్చేది మళ్లీ ఆ 11 ఎంబీయే.

ఆ లింకు ఎక్కడుందో పట్టుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. ఇద్దరు ఒకేసారి పెద్ద వీడియో ఫైలు ఒకటి కాపీ చేయండి. 11ను ఇద్దరూ చెరో ఐదున్నరగా పంచుకుంటే తప్పు సర్వర్‌కూ స్విచ్‌కూ (తీగలన్నీ వచ్చి కలిసే పెట్టెకూ) మధ్య ఉంది, లేదా రెండు స్విచ్‌లుంటే వాటిని కలిపే తీగలోనో, వాటిలో ఒకటి పాత 100 మెగాబిట్ రకం కావడంలోనో ఉంది. ఎవరి 11 వాళ్లకు వస్తుంటే సర్వర్ వైపు అంతా బాగానే ఉన్నట్టు. అప్పుడు ఒక్కో డిజైనర్ కంప్యూటర్‌కు వెళ్లే తీగను, అది దిగిన స్విచ్ పోర్టు 100 మెగాబిట్ రకమేమో చూడండి. ఆఫీసు మారేటప్పుడు పోర్టులు చాలలేదని మూలన ఉన్న పాత స్విచ్‌ను తెచ్చి తగిలించడం చాలాచోట్ల జరిగేదే. ఐపీ ఫోన్ వెనక పోర్టు నుంచి కంప్యూటర్‌కు తీగ తీసుకున్నా ఇదే సమస్య రావచ్చు, కొన్ని ఫోన్లు 100 మెగాబిట్లకు మించి దాటనివ్వవు.

సర్వర్ వైపే అని తేలితే టెర్మినల్‌లో ఈథ్‌టూల్ (ethtool) కమాండ్ పక్కన మీ కార్డు పేరు రాసి నడపండి. 'స్పీడ్' అన్న వరుసలో 100 కనిపిస్తే అనుమానం తీరినట్టే. దాని పైవరుసల్లో రెండు జాబితాలు ఉంటాయి: మీ కార్డు ఏయే స్పీడ్లకు సిద్ధమో ఒకటి, అవతల ఉన్న స్విచ్ ఏవి ఇవ్వగలదో ఇంకొకటి. స్విచ్ జాబితాలో 1000 కూడా ఉండి లింకు మాత్రం 100 దగ్గర ఉంటే నేరుగా తీగ దగ్గరికి వెళ్లండి. కొత్త లినక్స్ కెర్నెల్‌లు (హార్డ్‌వేర్‌ను నడిపే లోపలి భాగం) కొన్ని కార్డుల విషయంలో 'డౌన్‌షిఫ్ట్ జరిగింది (స్పీడు కిందికి దిగింది), కేబుల్ చూసుకోండి' అని లాగ్‌లో మెసేజ్ కూడా రాస్తాయి. అది కనిపిస్తే ఇంక వెతకాల్సిన పనిలేదు.

తీగలో ఏం చూడాలి? లోపల నాలుగు జతలు, ఎనిమిది వైర్లు ఉంటాయి. మనవాళ్లు మామూలుగా క్రింప్ చేసే (తీగ కొసకు కనెక్టర్ బిగించే) వరుసలో 1, 2 నారింజ జత, 3, 6 ఆకుపచ్చ, 4, 5 నీలం, 7, 8 గోధుమరంగు. 100 మెగాబిట్లకు నారింజ, ఆకుపచ్చ జతలు చాలు. గిగాబిట్‌కు నాలుగు జతలూ కావాలి. అందుకే గోధుమరంగు వైరు ఒక్కటి కనెక్టర్ కొస దాకా చేరకపోయినా, లేదా మెట్ల దగ్గర తీగ నలిగి లోపల నీలం, గోధుమరంగు జతల్లో ఒక వైరు తెగినా లైటు వెలుగుతుంది, ఇంటర్నెట్ వస్తుంది, పింగ్ (అవతలి కంప్యూటర్ పలుకుతోందా అని చూసే పరీక్ష) కూడా బాగుంటుంది. కార్డు, స్విచ్ ఒకటికి రెండుసార్లు గిగాబిట్‌కు ప్రయత్నించి, కుదరక 100 మీద సర్దుకుంటాయి. ఎవరికీ ఏ ఎర్రరూ కనిపించదు. ప్లాస్టిక్ కనెక్టర్‌ను వెలుతురుకు ఎదురుగా పట్టుకుని ముందువైపు నుంచి చూడండి, ఎనిమిది రాగి కొసలూ వరుసగా మెరుస్తూ కనిపించాలి. ఒకటి వెనక్కి ఉంటే కోసేసి మళ్లీ క్రింప్ చేయించండి. కొందరు తీగ ఆదా కోసం ఒకే కేబుల్‌ను చీల్చి నాలుగు వైర్లు ఒక కంప్యూటర్‌కు, నాలుగు ఇంకోదానికి ఇస్తారు. అలాంటి చోట గిగాబిట్ ఎన్నటికీ రాదు.

కేబుల్ కొనేటప్పుడు ఒక జాగ్రత్త. అల్యూమినియం మీద పలచగా రాగి పూత పూసిన తీగ చవగ్గా దొరుకుతుంది. బ్లేడుతో వైరు గీకితే లోపల తెల్లగా కనిపిస్తే అది అదే. త్వరగా విరుగుతుంది, నిరోధకత ఎక్కువ. ఐదుగురి ఉపాధి ఆధారపడిన సర్వర్‌కు అది దయచేసి వాడకండి. స్వచ్ఛమైన రాగి ఉన్న క్యాట్ 6 తీసుకోండి, మొత్తం పొడవు 100 మీటర్లు దాటకుండా చూసుకోండి.

ఇంకో మాట. స్పీడు రావడం లేదని విసుగెత్తి ఎవరైనా స్విచ్‌లోనో కార్డులోనో '100 ఫుల్ డ్యూప్లెక్స్' (ఒకేసారి పంపడం, అందుకోవడం రెండూ) అని చేత్తో సెట్ చేసి ఉంటే దాన్ని వెంటనే ఆటోకు మార్చండి. ఒకవైపు బలవంతంగా సెట్ చేసి రెండోవైపు ఆటోలో వదిలేస్తే ఆ రెండోది హాఫ్ డ్యూప్లెక్స్‌కు (ఒకసారికి ఒక దిశలోనే) దిగిపోతుంది. పింగ్ బాగుంటుంది గానీ పెద్ద ఫైలు మొదలెట్టగానే పాకుతుంది. ఈథ్‌టూల్‌ను పెద్ద ఎస్ (-S) ఆప్షన్‌తో నడిపితే లెక్కలు కనిపిస్తాయి. కాపీ జరుగుతున్నప్పుడు సీఆర్‌సీ ఎర్రర్లు (దారిలో పాడైన డేటా ముక్కల లెక్క) పెరుగుతూ పోతే తీగో, డ్యూప్లెక్సో కారణం.

ఇవన్నీ సరిచేశాక లింకు 1000 అని చూపిస్తూ కాపీ మాత్రం ఇంకా నెమ్మదిగానే ఉంటే, డిస్కును పక్కన పెట్టి నెట్‌వర్క్‌ను ఒక్కదాన్నే కొలవాలి. సర్వర్‌లో, ఒక కంప్యూటర్‌లో ఐపెర్ఫ్3 (iperf3, నెట్‌వర్క్ స్పీడు కొలిచే ప్రోగ్రామ్) వేసి నడపండి. 940 మెగాబిట్ల దాకా వచ్చిందంటే కార్డు, తీగ, స్విచ్ మూడూ నిర్దోషులు. ఇక చూడాల్సింది హార్డ్ డిస్కును, సాంబా (లినక్స్ ఫైళ్లను విండోస్ కంప్యూటర్లకు పంచే ప్రోగ్రామ్) సెట్టింగులను. వేల చిన్న ఫొటోలు కాపీ చేస్తే ఒక పెద్ద వీడియోకు వచ్చినంత స్పీడు ఎలాగూ రాదు, ప్రతి ఫైలుకూ తెరవడం, మూయడం అనే పని ఉంటుంది. ఐపెర్ఫ్3ను రెండు దిశల్లోనూ నడపడం మరవకండి, ఒకవైపు మాత్రమే దెబ్బతిన్న తీగలు ఉంటాయి.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్‌లో ఇంటెల్ ఎక్స్520 రకం 10 గిగాబిట్ కార్డు కొని లినక్స్ సర్వర్‌లో పెట్టాను. ఈథ్‌టూల్‌లో 10000 అనే చూపిస్తోంది. ఐపెర్ఫ్‌లో మాత్రం 3 గిగాబిట్ల పైన రావడం లేదు. పాడైన కార్డు అంటగట్టారా?

జవాబు: ఇక్కడా ముందు అంకెనే నమ్ముదాం. ఈ కార్డు పీసీఐ ఎక్స్‌ప్రెస్ 2.0 (మదర్‌బోర్డు స్లాటు రకం), ఎనిమిది లేన్ల (డేటా దారుల) రకం. ఆ తరంలో ఒక్కో లేన్‌కు ఒక్కో దిశలో 4 గిగాబిట్లు. అందులో ఓవర్‌హెడ్ (అదనపు వివరాలకు పోయేది) తీసేస్తే 3 చిల్లర మిగులుతుంది. మీకు వస్తున్నది సరిగ్గా ఒక్క లేన్ ఇచ్చేంత. మదర్‌బోర్డు మీద పొడుగ్గా కనిపించే స్లాట్లన్నింటికీ లోపల అన్ని లేన్లూ ఉండవు. పైకి 16 లేన్ల స్లాటులా ఉండి లోపల నాలుగు, కొన్నిసార్లు ఒక్కటే కలిపి ఉంటుంది. ఇంకొన్ని బోర్డుల్లో ఎం.2 ఎస్ఎస్‌డీ పెడితే పక్క స్లాటు లేన్లు తగ్గిపోతాయి.

రూట్‌గా (అడ్మిన్ హక్కులతో) ఎల్ఎస్‌పీసీఐని రెండు 'వి'లతో (lspci -vv) నడిపి మీ కార్డు వివరాల్లో రెండు వరుసలు పోల్చండి: కార్డు సామర్థ్యం చెప్పే లింక్ క్యాపబిలిటీ (LnkCap), ఇప్పుడున్న స్థితి చెప్పే లింక్ స్టేటస్ (LnkSta). మొదటిదాంట్లో ఎక్స్8, రెండోదాంట్లో ఎక్స్1 ఉంటే కార్డు అమ్మినవాళ్ల తప్పేం లేదు. మదర్‌బోర్డు మాన్యువల్ తీసి, ప్రాసెసర్‌కు నేరుగా కలిసిన స్లాటులోకి మార్చండి. నాలుగు లేన్లు దొరికినా 16 గిగాబిట్లు కాబట్టి ఒక పోర్టు వాడకానికి చాలు.

స్లాటు మార్చినా 10 దగ్గరికి రాకపోతే ప్రాసెసర్ వైపు చూడండి. టాప్ (top) కమాండ్ నడిపి 1 నొక్కితే కోర్లు విడివిడిగా కనిపిస్తాయి. ఒకే కోర్ నిండిపోయి మిగతావి ఖాళీగా ఉంటే కార్డు ఇంటరప్ట్‌లన్నీ (డేటా వచ్చిందని ప్రాసెసర్‌ను పిలిచే పిలుపులు) దాని మీదే పడుతున్నాయేమో చూడాలి, వాటిని కోర్ల మధ్య పంచే ఐఆర్‌క్యూబ్యాలెన్స్ నడుస్తోందో లేదో గమనించండి. ఐపెర్ఫ్3 కూడా 3.16 వెర్షన్‌కు ముందు ఎన్ని స్ట్రీములు (సమాంతర కనెక్షన్లు) పెట్టినా ఒకే థ్రెడ్ మీద, అంటే ఒకసారికి ఒకే కోర్ మీద నడిచేది, కాబట్టి కొత్తది వేసుకుని కొలవండి. ఈ కార్డులకు సర్వర్ ఫ్యాన్ల గాలి అవసరం. మామూలు క్యాబినెట్‌లో పెట్టినట్లయితే హీట్ సింక్ మీదికి చిన్న ఫ్యాన్ ఒకటి తిప్పండి.

ప్రశ్న: మా స్కూల్లో విండోస్ సర్వర్ 2012 మీద హైపర్-వి (ఒకే సర్వర్‌లో చాలా వర్చువల్ మెషీన్లు నడిపే సదుపాయం) ఉంది. హోస్ట్ (అసలు సర్వర్) నుంచి కాపీ బాగానే ఉంది, వర్చువల్ మెషీన్ల నుంచి మాత్రం నత్తనడక. సర్వర్‌లో ఉన్నది బ్రాడ్‌కామ్ గిగాబిట్ కార్డు.

జవాబు: ఇది బాగా తెలిసిన సమస్యే, మైక్రోసాఫ్ట్ కూడా దీన్ని నమోదు చేసింది. కారణం వీఎంక్యూ, అంటే వచ్చే డేటాను వర్చువల్ మెషీన్ల వారీగా వరుసల్లో విడదీసే వర్చువల్ మెషీన్ క్యూ అనే సదుపాయం. 10 గిగాబిట్ కార్డులకు పనికొచ్చేది, 1 గిగాబిట్ దగ్గర దానివల్ల లాభం లేదు. ముందు కార్డు డ్రైవర్ కొత్తది వేయండి. తగ్గకపోతే డివైజ్ మేనేజర్‌లో కార్డు ప్రాపర్టీస్, అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లోకి వెళ్లి 'వర్చువల్ మెషీన్ క్యూస్'ను డిజేబుల్ చేయండి. వర్చువల్ స్విచ్‌కు కలిసిన ప్రతి పోర్టుకూ విడిగా చేయాలి. మార్చినప్పుడు నెట్‌వర్క్ కాసేపు తెగుతుంది కాబట్టి స్కూల్ వదిలాక, రిమోట్‌లో కాకుండా సర్వర్ ముందు కూర్చునే ఈ పని చేయండి. పనిలో పనిగా, 2012 వెర్షన్‌కు మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు 2023 అక్టోబరుతో ఆగిపోయాయి. పిల్లల వివరాలు ఉండే సర్వర్ కదా, కొత్త వెర్షన్‌కు మారే విషయం మేనేజ్‌మెంట్‌తో ఈ ఏడాదే మాట్లాడండి.