ఎపాక్సీలో నానోట్యూబులు కలిపినా మా గ్లాస్ ఫైబర్ పలకలో వేడి ఎందుకు పారడం లేదు?

గాజు పోగుల బట్టకు పట్టించే ఎపాక్సీ జిగురులో (రెజిన్) బరువులో 1 శాతం కార్బన్ నానోట్యూబులు, అంటే కంటికి కనబడనంత సన్నటి కార్బన్ గొట్టాలు, కలిపాం, ఉష్ణవాహకత కనీసం ఐదు రెట్లు పెరుగుతుందనుకుంటే కొంచెమే పెరిగింది, ఎక్కడ తప్పు చేశాం అని అడిగారు. బహుశా ఎక్కడా తప్పు చేసి ఉండరు. విజయవాడలో ఎంటెక్ ప్రాజెక్టుగా నేనూ ఇదే చేశాను. రెట్టింపు కూడా కాలేదు.

ఎపాక్సీ ఉష్ణవాహకత మీటర్-కెల్విన్‌కు సుమారు 0.2 వాట్లు, గాజు పోగుది 1కి అటూ ఇటూ. విడిగా ఒక నానోట్యూబును 2001లో కొలిస్తే 3000 పైన వచ్చింది. రాగికే 400. ఈ 3000 చూసే అందరం బోల్తా పడతాం. గుంటూరు నుంచి వారధి దాకా హైవే మీద రయ్యిమని వచ్చినా, బందరు రోడ్డు ఎక్కాక ప్రతి సిగ్నల్ దగ్గరా ఆగాల్సిందే కదా! ట్యూబులో వేడి అణువుల కంపనాలుగా పోతుంది. ట్యూబు దాటి ఎపాక్సీలోకి అడుగు పెట్టేచోట ఆ కంపనాలు ఎపాక్సీ కంపనాలతో కలవవు, చాలావరకు వెనక్కి తిరుగుతాయి. దీన్నే కపిట్జా నిరోధం అంటారు. 1941లో ద్రవ హీలియంతో ప్రయోగాలు చేస్తూ సోవియట్ శాస్త్రవేత్త కపిట్జా గమనించిన విషయం ఇది. మన పలకలో అలాంటి సిగ్నళ్లు కోట్లలో ఉంటాయి.

ఒకసారి మల్టీమీటర్ పెట్టి చూడండి. కరెంటు మాత్రం పారుతూ ఉండొచ్చు. ఎపాక్సీ కరెంటును దాదాపు పూర్తిగా ఆపేస్తుంది కాబట్టి ట్యూబుల దారి దొరకగానే తేడా లక్షల రెట్లు కనబడుతుంది. వేడికి అలాంటి గెంతు ఉండదు.

పైగా మీకు కావలసింది పలక మందంలో వేడి పోవడం. బట్ట పోగులన్నీ అడ్డంగా పడుకుని ఉంటాయి, ఆ దిశలో అవి పెద్దగా సాయపడవు. మీరు వాక్యూమ్ ఇన్ఫ్యూజన్ (గాలి లాగేసి, రెజిన్‌ను ఒక వైపు నుంచి బట్టలోకి పీల్చే పద్ధతి) వాడారంటున్నారు, నాకు అసలు అనుమానం అక్కడే. బట్ట టీ వడకట్టులా పనిచేసి ట్యూబులను పట్టేస్తుంది. మా మొదటి పలక రెజిన్ ఎక్కే వైపు నల్లగా, రెండో వైపు వెలిసిపోయినట్టు వచ్చింది. మీదీ వెలుతురుకు పట్టి చూడండి. అలా ఉంటే చేత్తో పొర మీద పొర రాసే పద్ధతికి మారండి.

ఉప్మా రవ్వ ఉండ కట్టినట్టే ట్యూబులూ ఉండ కడతాయి. వాటిని శబ్ద తరంగాలతో విడదీసే సోనికేటర్‌లో పెట్టేటప్పుడు రెజిన్ వేడెక్కుతుంది, గిన్నె చుట్టూ ఐసు నీళ్లుండాలి. యాసిడ్‌తో శుద్ధి చేస్తే ట్యూబు ఎపాక్సీని బాగా పట్టుకుంటుంది కానీ ట్యూబే దెబ్బతింటుంది, మోతాదు మించొద్దు. నన్నడిగితే నానోట్యూబుల బదులు గ్రాఫీన్ ప్లేట్‌లెట్లు (పలుచటి కార్బన్ రేకులు) వాడతాను. ధర తక్కువ, ఎక్కువ శాతం కలపొచ్చు. పొడి తూచేటప్పుడు ఫ్యాను ఆపి మంచి మాస్కు పెట్టుకోండి.

ఇంకోటి, మన ఎండలు. ఎల్‌వై 556 అనే ఎపాక్సీలో దాన్ని గట్టిపరిచే హెచ్‌వై 951ను 10:1 లెక్కన మే నెల మిట్టమధ్యాహ్నం కలిపాను. కలిపితే ఆ మిశ్రమం తనంతట తనే వేడెక్కుతుంది. బట్ట మీద రాసేలోపే మగ్గులో పొగలు! ఆ రోజు నానోట్యూబులకు పెట్టిన డబ్బులు తలుచుకుని అన్నం తినలేదు. తర్వాత నుంచి తెల్లవారుజామునే, లోతు లేని ట్రేలో కలిపేవాణ్ణి.

కొలతకు లీ డిస్క్ (పలక బిళ్లను ఇత్తడి దిమ్మెల మధ్య పెట్టి ఉష్ణవాహకత కొలిచే పరికరం) వాడారనుకుంటా. బిళ్లకూ ఇత్తడికీ మధ్య సన్నటి గాలి పొర ఉన్నా లెక్క మారిపోతుంది, ఎందుకంటే గాలి వాహకత 0.026 మాత్రమే. రెండు వైపులా థర్మల్ పేస్టు పలుచగా రాయండి. అదే అచ్చులో, అదే రోజు ట్యూబులు లేని బిళ్ల కూడా పోసి దాన్ని ముందు కొలవండి. ఆ అంకె, మందం ఎంతో కింద పెడితే మీ లెక్క నేనూ ఒకసారి చూస్తాను.