ఆపరేషన్ తర్వాత హెపటైటిస్ సి: పాత రిపోర్టు ఎక్కడ?

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర పల్లె. 20 నెలల కింద హన్మకొండలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మా ఆయనకు పిత్తాశయం ఆపరేషన్ అయింది. ఆరు నెలలకు కంటి ఆపరేషన్ కోసం వేరేచోట పరీక్ష చేస్తే హెపటైటిస్ సి (రక్తం ద్వారా అంటే కాలేయ రోగం) అన్నారు. చుట్టాలు మా ఇంట్లో మంచినీళ్లు కూడా ముడతలేరు. బిడ్డ సంబంధం తప్పిపోయింది. ఆసుపత్రి తరఫున ఒక పెద్దమనిషి వచ్చి, లక్షన్నర ఇప్పిస్తా, సంతకం పెట్టి ఫైలు వాపసు ఇయ్యమంటున్నడు. డాక్టరు మీద పోలీసు కేసు పెట్టొచ్చా?

జవాబు: అమ్మా, చుట్టాల సంగతి కోర్టు అడగదు. పిత్తాశయం ఆపరేషన్‌కు ముందు చేసిన రక్తపరీక్షలో హెపటైటిస్ సి ఉందా, లేదా? మీ కేసు నిలబడేది దాని మీదే. అసలు ఆ మాటే మీరు రాయలేదు. 14 నెలలు ఆ కాగితం కోసం వెతకకపోవడం పెద్ద నిర్లక్ష్యం.

అందులో ‘నెగెటివ్’ అని ఉంటే మీకు బలం. అయినా ఆసుపత్రి వకీలు ఊరుకోడు. పరీక్షలో చూసే యాంటీబాడీలు (రోగాన్ని ఎదుర్కోవడానికి శరీరం తయారుచేసేవి) రక్తంలో కనబడటానికి రెండు మూడు నెలలు పట్టొచ్చు కాబట్టి, అప్పుడు నెగెటివ్ వచ్చినా రోగం ముందే ఉందంటాడు. ఆ ఆరు నెలల్లో ఆర్ఎంపీ దగ్గర సూదులు వేయించుకున్నారా, పన్ను పీకించుకున్నారా అని తవ్వుతాడు. దాచకుండా అన్నీ రాసిపెట్టండి. రక్తం ఎక్కించి ఉంటే ఆ రక్తం బ్యాగు నంబరు కేస్ షీటులో (ఆసుపత్రి రాసుకున్న చికిత్స రికార్డులో) ఉండాలి.

అందుకే ఈ వారమే మొత్తం కేస్ షీటు కోసం ఆసుపత్రికి రిజిస్టర్డ్ పోస్టులో దరఖాస్తు పెట్టండి. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనలున్నాయి. అవే నిబంధనల ప్రకారం రికార్డును మూడేళ్లు దాస్తే చాలు, అందులో 20 నెలలు అయిపోయాయి. ఇవ్వకపోతే ఆ పోస్టు రసీదే మీకు సాక్ష్యం.

పెద్దమనిషి మాట వినకండి. మీ చేతిలో ఉన్న కాగితాలు పోతే, సంతకం కూడా పడితే, ఏ వకీలూ మిమ్మల్ని కాపాడలేడు. ఒక్క ఒరిజినల్ కూడా ఇవ్వొద్దు.

పోలీసు కేసుతో మొదలుపెట్టొద్దు. జాకబ్ మాథ్యూ కేసులో (2005) సుప్రీంకోర్టు చెప్పింది: డాక్టరుపై క్రిమినల్ కేసుకు ఘోర నిర్లక్ష్యం ఉండాలి, మరో వైద్యుడి స్వతంత్ర అభిప్రాయం కావాలి. మీ దగ్గర రెండూ లేవు. పరిహారానికి వరంగల్ జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. మీరు కట్టిన బిల్లు 5 లక్షల లోపైతే ఫీజు లేదు. బిల్లులు, రసీదులు తీసి ఉంచండి.

గడువు రెండేళ్లు. రోగం బయటపడ్డ రోజు నుంచి లెక్కించాలని మనం వాదించొచ్చు, అలాంటి తీర్పులున్నాయి. కానీ ఆపరేషన్ రోజు నుంచే లెక్క అని వాళ్లంటారు. ఆ వాదనకే చోటివ్వకుండా, మిగిలిన నాలుగు నెలల్లోనే ఫిర్యాదు దాఖలు చేయండి. లీగల్ నోటీసు పంపితే గడువు ఆగుతుందని ఎవరైనా అంటే నమ్మొద్దు, ఆగదు.

కంటి ఆసుపత్రిలో చేసింది యాంటీబాడీ పరీక్షే అయితే, రోగం ఇప్పుడు ఉందో లేదో అది తేల్చదు. వైరస్‌నే నేరుగా వెతికే ఆర్ఎన్ఏ పరీక్ష చేయించండి. ఉందని తేలితే జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద మందులు ఉచితం, ఎక్కువమందికి 12 వారాల్లో నయమవుతుంది. కలిసి తింటే ఇది అంటదు, చుట్టాలకు చెప్పండి. మందులు మొదలైతే వైరస్ పోతుంది, దానితో రక్తంలో వైరస్ ఉందన్న రుజువూ పోతుంది. అందుకని మొదటి మాత్రకు ముందే ఆర్ఎన్ఏ, జీనోటైప్ (వైరస్ ఏ రకమో చెప్పే) రిపోర్టులు చేతికి తెచ్చుకోండి. అలాగని చికిత్స మాత్రం వాయిదా వేయకండి.