ఉల్లి వేరు స్లైడులో క్రోమోజోములు కనపడకపోతే

ఉల్లి వేరులో కణ విభజన చూద్దామని స్లైడు చేస్తే క్రోమోజోములు కనపడటం లేదని అడిగారు. మీరు స్లైడు మీద పెట్టిన ముక్కే తప్పు. నాలుగుసార్లు చేసినా కణాలన్నీ పొడుగ్గానే ఉన్నాయన్నారు కదా, అవి విభజన ఆపేసి సాగుతున్నవి. విభజన జరిగేది వేరు కొసన ఒకటి రెండు మిల్లీమీటర్లలోనే.

1. ఉల్లిపాయ అడుగున ఎండిన పాత వేళ్లు గీకేసి గ్లాసు నీళ్ల మీద పెట్టండి. మన గుంటూరు ఎండకి నీళ్లు మధ్యాహ్నానికే వేడెక్కి వేళ్లు కుళ్లిపోతాయి. నీడలో ఉంచి రోజూ నీళ్లు మార్చండి.

2. వేళ్లు రెండు మూడు సెంటీమీటర్లు రాగానే పొద్దున్నే కోసి, ఒక పాలు గ్లేషియల్ (నీళ్లు కలపని) ఎసిటిక్ ఆమ్లం, మూడు పాళ్లు ఆల్కహాల్ కలిపిన ద్రావణంలో 24 గంటలు ఉంచండి.

3. ఆ వేళ్లను 1 నార్మల్ (గాఢత కొలత) హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో, 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర 5 నుంచి 10 నిమిషాలు ఉంచండి. ఇది మానేస్తే కణాలు విడిపోవు, ముద్దగా ఉంటాయి. తర్వాత కడిగి అసిటోకార్మిన్ (క్రోమోజోములకు పట్టే ఎర్ర రంగు) వేయండి.

4. అందరూ వదిలేసేది ఇక్కడే. రంగు పట్టాక వేరును గమనించండి: కొస ముదురుగా, పైభాగం లేతగా ఉంటుంది. ముదురు కొస మాత్రమే బ్లేడుతో కోసి ఉంచుకోండి. మిగతాది పారేయండి, జాలిపడొద్దు! సెంటీమీటరు ముక్క మొత్తం పెడితే పొడుగు కణాలే కనిపిస్తాయి.

5. ఆ కొసను స్లైడు మీద పెట్టి కవర్ స్లిప్ (పల్చటి గాజు బిళ్ల) మూయండి. దాని మీద సూది వెనకవైపుతో మెల్లగా తట్టి, బ్లాటింగ్ పేపర్ పెట్టి బొటనవేలితో నిటారుగా నొక్కండి. పక్కకి జరిపితే కణాలు నలిగిపోతాయి.

సరిగ్గా చేసినా ఎక్కువ కణాలు అంతర్దశలోనే (రెండు విభజనల మధ్య దశ, క్రోమోజోములు విడిగా కనపడవు) ఉంటాయి, టెన్షన్ పడకండి. మైక్రోస్కోపులో ముందు 10ఎక్స్ కటకంతో వెతికి, తర్వాత 40ఎక్స్‌కి వెళ్లండి. మధ్యస్థ దశ (క్రోమోజోములు కణం మధ్యలో వరుసగా చేరే దశ) బాగా పరుచుకుని దొరికితే క్రోమోజోములు లెక్కపెట్టండి, 16 రావాలి.