హారన్ కొడితే డోర్ బజర్ మోగుతోంది

ప్రశ్న: నాది చిన్న స్కూల్ వ్యాన్ అండీ, 12 వోల్టుల బండి. వెనక డోర్ తెరుచుకుంటే డ్రైవర్ దగ్గర బజర్ మోగేలా ఆర్డుయినో నానో (కోడ్ ఎక్కించుకునే చిన్న కంట్రోలర్ బోర్డు)తో సెట్ చేశా. డోర్ తెరిస్తే స్విచ్ కలిసి నానో పిన్‌ని బాడీ ఎర్త్‌కి లాగుతుంది, మధ్యలో 8 మీటర్ల వైరు, కోడ్‌లో ఇన్‌పుట్ పుల్అప్ (పిన్‌ని 5 వోల్టుల వైపు పట్టి ఉంచే రెసిస్టర్) పెట్టా. టేబుల్ మీద బ్రహ్మాండంగా పనిచేసింది, బండిలో మాత్రం హారన్ కొట్టినా వైపర్ వేసినా మోత. డిలే పెడితే కాస్త తగ్గింది గానీ పోలేదు. మొన్న ఒక నానో పూర్తిగా కాలిపోయింది కూడా. షీల్డెడ్ వైరు (చుట్టూ లోహపు తొడుగు ఉన్నది) వేస్తే సరిపోతుందా? (ఒక పాఠకుడు, తెనాలి)

జవాబు: షీల్డెడ్ వైరు జోలికి ఇప్పుడే వెళ్లకండి. ముందు డోర్ వైరు నానో దగ్గర పీకేసి, ఆ పిన్‌ని 10 కే (కిలో ఓమ్) రెసిస్టర్‌తో నానో 5 వోల్టులకే కట్టేసి, ఇంజిన్ ఆన్‌లో పెట్టి హారన్ కొట్టి చూడండి. అప్పుడూ మోగితే గోల సప్లై నుంచి వస్తున్నట్టు, మోగకపోతే వైరు నుంచి. నానో కాలిపోయిందంటున్నారు కాబట్టి మీకు రెండూ ఉండి ఉంటాయని నా అనుమానం.

వైరు సంగతి చూద్దాం. నానోలోని చిప్ లోపలి పుల్అప్ 20 నుంచి 50 కే దాకా ఉంటుంది, అంటే డోర్ మూసి ఉన్నంతసేపూ 8 మీటర్ల వైరుని పైకి పట్టుకుని ఉన్నది పావు మిల్లీ ఆంపు కూడా మించని కరెంటు, పక్కనే అదే కట్టలో హారన్ వైరు, వైపర్ వైరు పోతుంటాయి. హారన్ లోపలి కాంటాక్ట్ సెకనుకి కొన్ని వందల సార్లు తెగి కలుస్తుంటుంది, తెగినప్పుడల్లా కాయిల్ ఒక స్పైక్ (ఒక్కసారిగా ఎగిసే వోల్టేజి) వదులుతుంది, అది మీ వైరుకి అంటుకుంటుంది. డిలే తర్వాత మళ్లీ చదివినా హారన్ ఇంకా మోగుతూనే ఉంటుంది కదా, అందుకే కోడ్ ఒక్కదాంతో పోదు.

కాబట్టి ఆ వైరులో 5 వోల్టులు కాదు, 12 వోల్టులే పారనివ్వండి, కరెంటు కూడా పెంచండి. పీసీ 817 ఆప్టోకప్లర్ (వైర్లు కలపకుండా వెలుతురుతో సిగ్నల్ దాటించే చిప్) పది రూపాయల వస్తువు, అదే వాడండి. 12 వోల్టుల నుంచి 2.2 కే అర వాట్ రెసిస్టర్, దాని తర్వాత ఆప్టో 1వ కాలు, 2వ కాలి నుంచి డోర్ వైరు. స్విచ్ కలిస్తే సుమారు 5 మిల్లీ ఆంపులు పారతాయి, కాంటాక్ట్ మీద పట్టిన పొరని కూడా అదే కోసుకుపోతుంది. 1, 2 కాళ్ల మధ్య ఒక 1 కే రెసిస్టర్ తగిలిస్తే ఒక మిల్లీ ఆంపు దాకా వచ్చే చిల్లర నాయిస్‌కి లోపలి ఎల్ఈడీ వెలగనే వెలగదు, అక్కడే 1ఎన్ 4148 డయోడ్‌ని తిరగేసి పెట్టండి, గీత వైపు 1వ కాలికి. అవతల 4వ కాలు నానో పిన్‌కి, 3వ కాలు నానో గ్రౌండ్‌కి, పిన్ దగ్గర 10 కే పుల్అప్, గ్రౌండ్‌కి 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్. కోడ్‌లో 200 మిల్లీ సెకన్లు వరసగా ఒకే రీడింగ్ వస్తేనే నమ్మండి, డోర్‌కి అంతకన్నా తొందరేం లేదు. స్పీడ్ సెన్సర్‌కి మాత్రం ఈ లెక్క పనికిరాదు.

ఇక సప్లై. చవక నానోల మీద మామూలుగా ఉండేది ఏఎంఎస్ 1117 రెగ్యులేటర్, దాని పరిమితి 15 వోల్టులు, ఆల్టర్నేటర్ మామూలుగానే 14 పైన ఇస్తుంది, ఇంక కాలకుండా ఎలా ఉంటుంది? పైగా ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ లూజైతే స్పైక్ ఎక్కడికో పోతుంది. 12 వోల్టుల నుంచి వరసగా 1 ఆంప్ ఫ్యూజు, 1ఎన్ 4007 డయోడ్, గ్రౌండ్‌కి ఎస్ఎంబీజే 24ఏ టీవీఎస్ డయోడ్ (స్పైక్‌ని గ్రౌండ్‌కి మళ్లించేది), ఆ తర్వాత బండ్ల కోసమే చేసిన ఎల్ఎం 2940 రెగ్యులేటర్, దాని ఔట్‌పుట్ కాలి పక్కనే 22 మైక్రోఫారడ్ కెపాసిటర్, ఇది మర్చిపోతే రెగ్యులేటరే ఊగిసలాడుతుంది. ఆ 5 వోల్టులు నానో 5వీ పిన్‌కి ఇవ్వండి, విన్‌కి కాదు. ఆప్టోకిచ్చే 12 వోల్టులు కూడా టీవీఎస్ తర్వాతి నుంచే తీసుకోండి. హారన్‌కి రిలే ఉంటే దాని కాయిల్‌కి అడ్డంగా ఇంకో 1ఎన్ 4007 వేస్తే ఆ రిలే కాయిల్ స్పైక్ పుట్టిన చోటే చస్తుంది.

షీల్డ్ బదులు రెండు వైర్లు మెలేసి తీసుకెళ్లి, ఎర్త్‌ని డోర్ దగ్గర బాడీకి కాకుండా రెండో వైరులో వెనక్కి తెచ్చుకోండి. షీల్డ్ వేసినా బాడీ ఎర్త్‌లో వచ్చే తేడాని అదేం ఆపలేదు.

ఇంకోటి, పిల్లల బండి కాబట్టి అడగకపోయినా చెప్తున్నా. మీ స్విచ్ డోర్ తెరిస్తే కలుస్తోంది, అంటే రేపు ఎలుక వైరు కొరికేస్తే డోర్ బార్లా తెరిచినా బజర్ మోగదు. డోర్ మూసినప్పుడు కలిసే రకం స్విచ్ వేసి కోడ్‌లో తిరగేయండి, అప్పుడు వైరు తెగినా మోగుతుంది.