ఫారం తరువాత తీయి, బిడ్డా

చిరంజీవి బిడ్డకు పెద్దమ్మ ఆశీస్సులు.

మర్రిగూడ వైపు ఊళ్లలో దివ్యాంగులకు, ముసలివాళ్లకు పింఛన్లు, సర్టిఫికెట్లు, వైద్యం అందేలా చూసే పని నీకు దొరికిందని మీ అమ్మ ఫోనులో చెప్పింది. సంతోషం. ఆ దారుల్లోనే 30 ఏళ్లు ఏఎన్ఎం నర్సుగా తిరిగినదాన్ని కనుక, నువ్వు అడగకపోయినా రాస్తున్నాను.

కొత్తలో నేను ఫారాల కట్ట చంకలో పెట్టుకుని వెళ్లేదాన్ని. ఫ్లోరైడ్ నీళ్లు తాగి వెన్ను బిగుసుకుపోయిన ఒకాయన ఉండేవాడు. మెడ తిరగదు. పిలిస్తే మనిషంతా మన వైపు తిరగాల్సిందే. నేను పేరు, వయసు రాసుకుంటుంటే చాలాసేపు ఊరుకుని, "పింఛను సంగతి సరేనమ్మా, మరుగుదొడ్డిలో కూర్చోలేకపోతున్నాను, దానికేమైనా ఉపాయం ఉందా?" అన్నాడు. కన్న కొడుక్కి కూడా చెప్పుకోలేదట. గొంతుక్కూర్చునే దొడ్డి అది, ఆయన మోకాళ్లేమో వంగవు. ఊరి వడ్రంగిని పిలిపిస్తే పాత కుర్చీ నడిమి గుండ్రంగా కోసి ఇచ్చాడు. ఒక పూట పని, ఏ పథకంలోనూ లేదు. ఆ తరువాతే ఆయన తక్కిన కష్టాలు నాతో చెప్పుకున్నాడు. అందుకే అంటున్నాను, వెళ్లగానే ఫారం తీయకు. పొద్దున లేచింది మొదలు రోజు ఎలా గడుస్తుందో అడుగు.

ఇంకో ఇంట్లో ఒకామెకు శిబిరంలో ఇచ్చిన మూడు చక్రాల బండిలో కోళ్లు పొదుగుతున్నాయి. ఇచ్చినవాళ్లు ఆమె కాళ్లు చూశారు, చేతులు చూడలేదు. ఆ బండి తిప్పడానికి భుజం లేవాలి కదా! ఫొటోలు మాత్రం బాగా తీశారు.

ఇక కాగితాలు. తిప్పలన్నీ ఇక్కడే. వైకల్యం ఎంతో డాక్టర్లు తేల్చే సదరం శిబిరంలో అది 40 శాతం ఉన్నట్టు తేలితేనే దివ్యాంగుల పింఛనుకు దారి. ఆ పింఛను 4,016 రూపాయలు, వృద్ధాప్య పింఛను 2,016. ఎముకలు బిగుసుకున్నా ముసలితనం కింద తక్కువే తీసుకుంటున్నవాళ్లు నాకు తెలిసి ముగ్గురున్నారు. శిబిరానికి వెళ్లమని వాళ్లకు ఎవరూ చెప్పలేదు, అంతే. పంపే ముందు ఆధార్, రేషన్ కార్డు పక్కపక్కన పెట్టి చూడు. ఆడవాళ్లకు ఒకదానిలో పుట్టింటి పేరు, ఒకదానిలో అత్తింటి పేరు ఉంటుంది. నారాయణపురం, చౌటుప్పల్ నుంచి కోడళ్లుగా వచ్చినవాళ్ల పాత కాగితాల్లో నల్లగొండ జిల్లా అనే ఉంటుంది. 2016లో ఆ మండలాలు యాదాద్రి జిల్లాలోకి వెళ్లాయి. ఆధార్‌కు ముడిపడిన ఫోను నంబరేమో కొడుకుది. కొడుకు హైదరాబాదులో సెంట్రింగ్ పనిలో ఉంటాడు. ముసలమ్మ మీసేవలో కూర్చుని ఉంటుంది, ఓటీపీ ఏ పదో అంతస్తులోనో మోగుతుంది. ముందురోజు రాత్రే అతనికి ఫోను చేసి చెప్పి ఉంచు.

పత్తి ఏరి వేలిముద్రలు అరిగిపోయిన ఒకామెను ఒక కార్యాలయం మూడుసార్లు తిప్పింది. నాలుగోసారి నేను వెంట వెళ్తే పది నిమిషాల్లో పని అయింది. నాకు తెలిసిన మంత్రమేమీ లేదు. అడిగే మనిషి ఒకరు పక్కన నిలబడ్డారు, అంతే.

ఇంటికొక చిన్న నోటు పుస్తకం పెట్టించు. వాళ్లు అడిగింది ఏమిటి, ఎవరు చేస్తామన్నారు, ఎప్పటికి చేస్తామన్నారు అన్నది వాళ్ల మాటల్లోనే రాయి. పుస్తకం వాళ్ల ఇంట్లోనే ఉండాలి. ఆశ కార్యకర్త వచ్చినా, పంచాయతీ కార్యదర్శి వచ్చినా అది తెరిస్తే చెప్పిందే మళ్లీ చెప్పించరు. జబ్బు పేరు రాయవద్దంటే రాయకు. ఇంటికి వచ్చే చుట్టాలు కూడా చదువుతారు.

అందరినీ ఒకచోట కూర్చోబెట్టాలని సమావేశాలు పిలవకు, ఎవరూ రారు. టీకాల రోజు అంగన్‌వాడీ దగ్గర ఏఎన్ఎం, ఆశ, టీచరు ఎలాగూ కలుస్తారు. వాళ్ల పని అయ్యేదాకా ఆగి, ఒక్క మనిషి సంగతి మాత్రం ఎత్తు. సోమవారం కలెక్టరేటులో అర్జీలు తీసుకునే ప్రజావాణికి నడవలేనివాళ్లను మోసుకుపోకు. మండలంలో పని కాలేదని రుజువు చేతికొచ్చాక వాళ్లు సరేనంటే దరఖాస్తు నువ్వే పట్టుకెళ్లు, రసీదు తెచ్చి ఆ పుస్తకంలో అంటించు.

మానసిక ఎదుగుదల లేని పిల్లలుంటే నిరామయ ఆరోగ్య బీమా సంగతి చెప్పు. ఏడాదికి లక్ష రూపాయల దాకా వైద్యం ఖర్చు వస్తుంది. పిల్లవాడికి 18 నిండాక చట్టప్రకారం సంరక్షకులుగా ఉండాలంటే 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టరు ఉండే కమిటీకి దరఖాస్తు చేసుకోవాలి. తల్లిదండ్రులకు ఇది తెలియదు. ముసలివాళ్లు సాయానికి ఫోను చేసే 14567 నంబరు గోడ మీద పెద్ద అంకెలతో రాయించు.

ఇప్పుడు ఆ ఊళ్లకు కృష్ణా నీళ్లు వస్తున్నాయి, చిన్నపిల్లల పళ్లు తెల్లగా కనిపిస్తుంటే కళ్లు నిండుతాయి. కానీ వంగిన వెన్నులు అలాగే ఉన్నాయి. నీ పనంతా వాళ్లతోనే.

ఆ కుర్చీ ఆయన ఇంకా ఉన్నాడు. మొన్న ఫోనులో మాట్లాడితే కుర్చీ వెనక కాలు ఊగుతోందన్నాడు. మొదటి వారంలోనే వెళ్లి, ఆ వడ్రంగి కొడుకు ఊళ్లోనే ఉన్నాడేమో కనుక్కో.

ప్రేమతో,
మీ పెద్దమ్మ